స్నేహితుడి అండ సరే, డ్యూటీల మాటేమిటి?

ప్రతి బోధనాసుపత్రిలోనూ సైకియాట్రీ విభాగం ఉంటుంది. అదే ఆవరణలో చదివే విద్యార్థే ఆ గడప తొక్కడానికి జంకుతాడు. ఓపీ గదిలో కూర్చునేది తెలిసిన సీనియరో, తోటి బ్యాచ్‌వాడో కావచ్చు. చీటీ రాయించుకున్న సాయంత్రానికే హాస్టల్లో గుప్పుమంటుందన్న భయం, బలహీనుడన్న ముద్ర పడుతుందన్న బెంగ అతణ్ని ఆపేస్తాయి.

జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక ఈ మౌనం వెనకున్న బాధను బయటపెట్టింది. ఆన్‌లైన్ సర్వేకు స్పందించిన 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్లు నిర్ధారణ అయిందన్నారు. పీజీల్లో దాదాపు 31 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు.

మార్పును ముందు పసిగట్టేది రూమ్మేటే. మెస్‌కు రావడం మానేసినా, రికార్డులు పేరుకుపోతున్నా, పోస్టింగులు ఎగ్గొడుతున్నా తెలిసేది అతనికే. గుర్తించడం, తీర్పులివ్వకుండా వినడం, నిపుణుల దగ్గరికి చేర్చడం అతనికి నేర్పితే అది పెద్ద అండ. అయితే స్నేహితుడు వైద్యానికి ప్రత్యామ్నాయం కాడు. పైగా సీనియర్లే వేధించేచోట వారినే మెంటర్లుగా పెడితే ఫలితం సున్నా.

అందుకే కళాశాల పెత్తనానికి వెలుపల మరో దారి ఉండాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ తెలుగులోనూ మాట్లాడవచ్చు. విశాఖలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి. చెప్పుకున్న సంగతులు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ భరోసా హెచ్‌ఓడీ గది దాకా చేరాలి.

అసలు ముడి డ్యూటీ చార్టులో ఉంది. రెసిడెంట్లుగా పనిచేసే పీజీలకు వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకూడదన్న కేంద్రం ఆదేశం 1992 నాటిది. టాస్క్‌ఫోర్స్ 74 గంటల పరిమితిని, వారానికో సెలవును సూచించింది. అదైనా అమలైతే మేలే. 36 గంటల డ్యూటీ దిగి వచ్చినవాడికి పక్కవాడి గోడు వినే ఓపిక ఎక్కడిది? అధ్యాపకుల హాజరును ఆధార్‌తో లెక్కగట్టే కమిషన్, పీజీల పనిగంటలనూ అంతే పట్టుదలగా తనిఖీ చేయాలి. పరిమితి మీరిన కళాశాలకు సీట్లు పెంచకూడదు.