హాస్టల్ గేటు బీగంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

ప్లస్ టూ ఫలితాలు వచ్చాక మన హోసూరు చుట్టుపక్కల ఇళ్ళలో మాటలన్నీ ఒకటే. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఎంత ఫీజు. సీటు ఖాయమైతే, పిల్లల్ని ఎక్కడ ఉంచాలి అనేది తర్వాతి ప్రశ్న. బెంగళూరు నలభై కిలోమీటర్లే అయినా ఆ ట్రాఫిక్‌లో రోజూ పోయి రాలేరు కాబట్టి పీజీ చూస్తారు. చెన్నై, కోయంబత్తూరు, మదురై పోయేవాళ్ళకు కాలేజీ హాస్టల్ దొరక్కపోతే బయట ప్రైవేటు హాస్టల్. అమ్మానాన్నలు వెళ్ళి చూసొస్తారు. అన్నం బాగుందా, నీళ్ళు వస్తాయా, బాత్రూము ఎంతమందికి ఒకటి అని అడుగుతారు. ఆడపిల్ల అయితే, రాత్రి ఎన్ని గంటలకు గేటుకు బీగం వేస్తారని కూడా అడుగుతారు. తొమ్మిదిన్నరకే వేసేస్తామండీ అని చెప్తే మనకు ప్రాణం కుదుటపడుతుంది.

ఆ బీగం సంగతే ఇప్పుడు మాట్లాడుకోవాలి.

2024 సెప్టెంబరు 12న తెల్లవారుజామున మదురైలోని ఒక ప్రైవేటు మహిళా హాస్టల్లో ఫ్రిజ్ దగ్గర అగ్గి పుట్టింది. ఇద్దరు మహిళలు చనిపోయారు. పాత కట్టడం, ఖాళీ చేయమని కార్పొరేషన్ ముందే నోటీసు ఇచ్చింది అని తర్వాత పేపర్లలో వచ్చింది. దానికి సరిగ్గా రెండేళ్ళ ముందు, 2022 సెప్టెంబరు 12 రాత్రి, సికింద్రాబాదులో రూబీ లాడ్జి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన గదులు. కింద అంటుకున్న బండ్ల పొగ మెట్ల దారిలోంచి పైకెక్కి 8 మందిని చంపింది. 2023 జూన్‌లో ఢిల్లీ ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్లో కరెంటు మీటర్ల దగ్గర మంట లేస్తే, పిల్లలు కిటికీల్లోంచి తాళ్ళు, వైర్లు పట్టుకుని దిగడం టీవీలో మీరూ చూసే ఉంటారు. అక్కడ ప్రాణాలు పోలేదు. పట్టపగలు, అందరూ మేలుకుని ఉన్నారు, దిగడానికి కిటికీలున్నాయి.

ఇలాంటి చోట్ల మంటకన్నా ముందు మనిషిని పడేసేది పొగ. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. పొగ వాసనకు మెలకువ వచ్చేస్తుందిలే అని చాలామంది అనుకుంటారు, కానీ గాఢ నిద్రలో ఉన్నవాళ్ళు లేవకుండానే స్పృహ తప్పవచ్చు. మెట్లు ఒక్కటే అయితే అవే పొగ గొట్టమైపోతాయి.

మరి అధికారులు చూడరా అంటారా? చూసేది కాగితం మీద ఉన్నదాన్ని. ఆంధ్ర, తెలంగాణల్లో నివాస భవనానికి 18 మీటర్లు దాటితేనే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ అవసరం. అయిదంతస్తుల ఇల్లు సుమారు 15 మీటర్లు ఉంటుంది. అందులో ఒక కుటుంబం ఉన్నా, గదికి నలుగురు చొప్పున ఎనభై మంది పిల్లలున్నా ఆ ఎత్తు మారదు. ఇల్లు అని ప్లాను మంజూరు చేయించుకున్న కట్టడాన్ని పీజీగా మార్చేస్తే లెక్క ఎక్కడ తప్పుతుందో మీరే చూడండి. నియమం ఎత్తును కొలుస్తోంది, రాత్రి లోపల నిద్రపోయే తలల్ని లెక్కపెట్టడం లేదు.

తమిళనాడులో 2014లో మహిళలు, పిల్లల హాస్టళ్ళ నియంత్రణకు ఒక చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా అవి నడపకూడదు. మంచిదే. కానీ పద్దెనిమిది నిండిన మగపిల్లలుండే హాస్టల్ ఆ చట్టం కిందికి రాదు. మగపిల్లాడు ఎట్లాగో తప్పించుకుంటాడులే అని కాబోలు! బెంగళూరులో బీబీఎంపీ 2024 ఆగస్టులో పీజీలకు నియమాలు పెట్టింది. మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, సీసీ కెమెరాలు, అగ్నిమాపక ఏర్పాట్లు, అత్యవసర నంబర్ల బోర్డు వాటిలో ఉన్నాయి. మీరు చూసే పీజీలో ఆ బోర్డయినా ఉందా, గమనించండి. అదే లేని చోట మిగతావి ఉంటాయని నేననుకోను.

మన బళ్ళ సంగతి వేరు. 2004 జూలై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు కాలిపోయాక తమిళనాడు బళ్ళ మీంచి పూరికప్పులు పోయాయి, గుర్తింపు రెన్యువల్‌కు అగ్నిమాపక శాఖ సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. పన్నెండో తరగతి దాకా ఎవరో ఒకరు తనిఖీ చేసిన కప్పు కింద కూర్చున్న పిల్ల, పద్దెనిమిదో ఏట ఎవరూ తనిఖీ చేయని కప్పు కింద నిద్రపోతుంది.

ఇక గదిలో కరెంటు. ఇది పిల్లలు చదవాల్సిన ముక్క. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలావరకు 6 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. దాని మీద అంతకు మించి మోపకూడదు. నీళ్ళు కాచే కెటిల్ ఒక్కటే 1,500 వాట్లు ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి 1,800 నుంచి 2,000. ఇస్త్రీపెట్టె 750 నుంచి 1,000, దాని పక్కనే లాప్‌టాప్, రెండు ఫోన్లు. లోడు ఎక్కువైతే ఎంసీబీ పడిపోవాలి, పడిపోవడమే దాని పని. మాటిమాటికీ పడుతోందని యజమాని పెద్ద ఎంసీబీ పెట్టించాడనుకోండి, గోడలోని సన్న వైరు మారదు కదా. ఇప్పుడు పడాల్సింది పడదు, వైరు కాగుతుంది.

కెటిల్ తేకూడదని వార్డెన్లు రూలు పెడతారు. పిల్లలు తెచ్చి మంచం కింద, బట్టల మధ్య దాస్తారు, దొంగచాటుగా అక్కడే వాడతారు. అసలు రాత్రి ఎనిమిదిన్నరకే భోజనం ముగించేసి, పొద్దున వేణ్ణీళ్ళు ఇవ్వకుండా, కెటిలూ హీటరు రాడ్డూ వద్దంటే ఎవరు వింటారు? అంతస్తుకొక చోట గట్టి వైరింగుతో 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టి, ఇక్కడ వాడుకోండి అంటే సగం తగాదా తీరుతుంది. స్కూటర్ల ఛార్జింగ్ మాత్రం మెట్ల కింద అస్సలు కూడదు. రూబీ లాడ్జి మరిచిపోకండి.

మళ్ళీ బీగం దగ్గరికి వస్తాను. రాత్రి గేటు వేయవద్దని నేననడం లేదు, మన భయాలు మనకుంటాయి. కానీ అడిగే ప్రశ్న మార్చాలి. ఎన్నింటికి వేస్తారు అని కాదు, వేశాక బీగంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని. యజమాని దాన్ని పక్కవీధిలోని తన ఇంటికి తీసుకుపోతే ఆ హాస్టల్ వద్దు. లోపల వార్డెనమ్మ పడుకుంటుందా? ఆమె ఊరెళ్ళిన రోజు ఎవరు? లోపలి నుంచి చెవి లేకుండా తీయగలిగే గడియ పెట్టించడం అన్నిటికన్నా మేలు. బయటివాడు తోసుకుని రాలేడు, లోపలివాళ్ళు పోగలరు. డాబా మీది తలుపుకూ ఇదే మాట. బట్టలు ఆరేసుకోనివ్వరని దానికి ఎప్పుడూ బీగమే. కిటికీలకు ఇనుప గ్రిల్లులుంటే గదికి ఒక్కటైనా తెరుచుకునేది ఉండాలి. మంటలార్పే సిలిండరు ఉంటే దాని ముల్లు పచ్చరంగులో ఉందా చూడండి. ఎర్రలో ఉంటే అది గోడకు అలంకారమే. ఇవన్నీ అడ్వాన్సు కట్టకముందే అడగాలి.

పిల్లలకు ఒక మాట. చేరిన రోజే మీ గది నుంచి మెట్లకు ఎన్ని తలుపులో లెక్కపెట్టుకోండి, చీకట్లో, పొగలో అది పనికొస్తుంది. నడవాలో పొగ నిండితే తలుపు మూసి, కింది సందులో తడి తువ్వాలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి 101కో 112కో ఫోను చేయండి. అప్పుడు చాలామంది చెప్పలేనిది చిరునామా. బెంగళూరులో ఒకే పేరుతో పది పీజీలుంటాయి. డోర్ నంబరు, ఏ క్రాసు, ఏ మెయిన్, దగ్గర్లో ఏ గుడి అనేది మొదటి రోజే ఫోన్లో రాసిపెట్టుకుని, ఇంటికీ ఒకటి పంపండి.