గ్రీన్ హైడ్రోజన్: ఎన్ని దేశాల నుంచి కొన్నా దారి ఒక్కటే అయితే?

కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా తయారుచేసే కర్మాగారం వస్తోందని మీరు వినే ఉంటారు. సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసేది గ్రీన్ హైడ్రోజన్. దాన్ని ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. అమ్మోనియాకు మైనస్ 33 చాలు. అందుకే ఓడల్లో అమ్మోనియాగా పంపుతారు. ఐరోపానే దీనికి పెద్ద మార్కెట్ అవుతుందని అంచనా. మరి అక్కడి కొనుగోలుదారులు ఏం ఆలోచిస్తున్నారు?

జర్మనీ నేర్చుకున్నదేమిటి?

2021లో జర్మనీ దిగుమతి చేసుకున్న సహజవాయువులో సుమారు 55 శాతం రష్యాదే. 2022లో ఆ సరఫరా ఆగిపోయి ధరలు భగ్గుమన్నాయి. 2030 నాటి హైడ్రోజన్ అవసరాల్లో 50 నుంచి 70 శాతం దిగుమతి చేసుకోవాల్సి ఉంటుందని 2024 జులైలో జర్మనీ ప్రకటించింది. ఈసారి మాత్రం ఒక్కరినే నమ్ముకోదలచుకోలేదు. పొరుగు దేశాల నుంచి పైపులైన్లు, దూరదేశాల నుంచి ఓడలు అన్నది ప్రణాళిక. తొలి వేలంలో ఈజిప్టు ప్రాజెక్టు గెలిచింది. నెదర్లాండ్స్‌తో కలిసి చేపట్టిన రెండో వేలంలో ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాలకు విడివిడిగా వాటాలు కేటాయించారు.

అమ్మేవాళ్లు పెరిగితే చాలా?

చాలదు. భారత్, ఒమన్‌ల నుంచి ఐరోపాకు దగ్గరి దారి ఎర్రసముద్రమే. 2023 చివర్లో హౌతీల దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్ల తయారీ సామర్థ్యంలో సగానికి పైగా చైనాలోనే ఉంది. కొన్ని రకాలకు తప్పనిసరైన ఇరిడియం ఎక్కువగా దక్షిణాఫ్రికా నుంచే వస్తుంది. అంటే అమ్మే దేశాలు వేరైనా దారి, యంత్రం, లోహం ఒక్కచోటే చిక్కుకోవచ్చు.

మనకేంటి?

కొనేవాళ్లు పది చోట్ల వెతుకుతుంటే, అమ్మే మనం ఒక్క ఐరోపానే నమ్ముకోవడం మంచిది కాదు. దేశంలోనే గిరాకీ ఉండాలి. 13 ఎరువుల కర్మాగారాలకు ఏటా 7.24 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా సరఫరాకు 2025లో కేంద్రం నిర్వహించిన వేలం అందుకు మొదటి మెట్టు.

ఇకపై గ్రీన్ హైడ్రోజన్‌పై ‘అవగాహన ఒప్పందం’ వార్త కనిపిస్తే మూడు విషయాలు చూడండి. కొనితీరాలన్న షరతు ఉందా? ఎన్నేళ్లకు? ఆ కొనుగోలుదారు తప్పుకుంటే సరుకు తీసుకునే రెండోవారు ఉన్నారా? భూములు, నీళ్లు, రాయితీలు మనవి కాబట్టి ఈ ప్రశ్నలు అడిగే హక్కు కూడా మనదే.