దీపం ఆర్పితే లోపం పోతుందా?

జ్వరం వచ్చినవాడి నోట్లోంచి థర్మామీటరు లాగి పారేస్తే జ్వరం తగ్గుతుందా? ఇదేం ప్రశ్న అని మీరు నవ్వుతారు. కాని పాత కార్లకు సరిగ్గా ఇలాంటి వైద్యమే చేసేవాళ్లున్నారు. బ్రేకుల వ్యవస్థలో ఏదో తేడా ఉందని చోదకుడి ఎదుట పసుపు దీపం వెలుగుతుంది. కొందరు లోపాన్ని వెతకరు, బల్బు ఊడదీస్తారు. మరికొందరు ఏది చెడిందో తెలుసుకోకుండానే ఖరీదైన భాగం ఒకటి కొనుక్కొచ్చి బిగిస్తారు. ఈ రెండు పనులకూ మూలం ఒకటేనని నా అభిప్రాయం. కారణం తెలుసుకోవాలన్న ఓపిక లేకపోవడమే ఆ మూలం.

ఒక కారును ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలో షెవ్రొలే కంపెనీ తయారుచేసే కార్వెట్ పేరున్న స్పోర్ట్స్ కారు. 1986 నమూనా నుంచి దానికి ఎ.బి.ఎస్. బ్రేకులు తప్పనిసరిగా అమర్చారు. ఆ ఏర్పాటు జర్మనీకి చెందిన బాష్ కంపెనీది. ఆ కార్లకిప్పుడు నలభై ఏళ్లు. వాటిని ముద్దుగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నలభై ఏళ్లంటే తీగలకు, అతుకులకు, ఇనుముకు వృద్ధాప్యమే. పసుపు దీపం వెలగడంలో వింత లేదు.

అసలు ఈ ఎ.బి.ఎస్. ఎందుకు? వేగంగా పోతూ బ్రేకు ఒక్కసారిగా గట్టిగా తొక్కితే చక్రాలు తిరగడం ఆగిపోతుంది. కాని కారు ఆగదు. బిగుసుకుపోయిన చక్రాల మీద జారుకుంటూ పోతుంది. జారుతున్న టైరుకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. జారే చక్రం స్టీరింగు మాట వినదు. ఎదురుగా మనిషి ఉన్నా కారును పక్కకు తప్పించలేరు. చక్రాలను బిగుసుకుపోనివ్వకుండా, వాటిని కొద్దిగా దొర్లనిస్తూనే కారును ఆపేది ఎ.బి.ఎస్.

అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. సైకిలు డైనమో మీకు తెలుసుకదా? గట్టిగా తొక్కితే దీపం ప్రకాశంగా వెలుగుతుంది, నెమ్మదిస్తే మసకబారుతుంది. ఈ కారులో చక్రం చక్రానికీ అలాంటి చుట్టమే ఒకటి ఉంటుంది. చక్రంతోపాటు తిరిగే పళ్ల వలయం ఒకటి, దాని పక్కనే కదలకుండా ఉండే అయస్కాంతం, తీగచుట్ట. ఒక్కో పన్ను దాటిపోయినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి తీగచుట్టలో చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. సెకనుకు ఎన్ని తరంగాలు వచ్చాయో లెక్కపెట్టి కంప్యూటరు చక్రం వేగం తెలుసుకుంటుంది. ఏ చక్రమైనా హఠాత్తుగా ఆగబోతోందని తోస్తే, ఆ చక్రానికి వెళ్లే బ్రేకు నూనె ఒత్తిడిని కవాటాలతో తగ్గిస్తుంది, మళ్లీ పెంచుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఈ పని జరుగుతుంది.

ఇక దీపం సంగతి. ఈ కంప్యూటరు చక్రాలనే కాదు, తన తీగలనూ కవాటాలనూ కూడా పరీక్షించుకుంటూ ఉంటుంది. ఏదైనా అనుమానం వస్తే పసుపు దీపం వెలిగించి తాను తప్పుకుంటుంది. అప్పుడు మామూలు బ్రేకులు మామూలుగానే పనిచేస్తాయి, చక్రం బిగుసుకోకుండా చూసే కాపలా మాత్రం ఉండదు. తప్పుడు సంకేతాన్ని నమ్మి బ్రేకు వదిలేయడంకన్నా పక్కకు తప్పుకోవడమే క్షేమం. అంటే ఆ దీపం యంత్రం చెబుతున్న నిజం. నిజం చెప్పినందుకు దాని నోరు నొక్కడం న్యాయమా? ఎర్ర దీపం వెలిగితే మాత్రం సంగతి వేరు. మామూలు బ్రేకులకే ముప్పు వచ్చిందేమో! కారు వెంటనే ఆపాలి.

మరి లోపాన్ని వెతకడమెలా? పనిముట్లు తీయకముందే ఒక ప్రశ్న వేసుకోవాలి. దీపం ఎప్పుడు వెలుగుతోంది? తాళం తిప్పగానే కొద్దిసేపు వెలిగి ఆరిపోతే అది ఆరోగ్య లక్షణం. ఆరకుండా అలాగే ఉంటే ఫ్యూజు, రిలే, విద్యుత్ సరఫరా, కవాటాల వైపు చూడాలి. కారు కదిలాక వెలిగితే చక్రాల దగ్గరి సంకేతాల మీద అనుమానం. మలుపు తిప్పినప్పుడే వెలిగితే, ముందు చక్రాలతోపాటు వంగే తీగ లోపల తెగి ఉండవచ్చు. వాన కురిసిన రోజునే వెలిగితే అతుకుల్లో తడి చేరిందేమో! అసలెప్పుడూ వెలగకపోతే? బల్బు పోయిందో, ఎవరో ఊడదీశారో! పాత కారు కొనేవాళ్లు మొదట చూడవలసింది ఇదే.

ఆ తర్వాత కొలత. కారు ఆపి, కంప్యూటరు అతుకు విడదీసి, మల్టీమీటరుతో నాలుగు తీగచుట్టల నిరోధాన్నీ కొలుస్తారు. ఇలాంటి తీగచుట్టలకు అది సుమారు 1,000 ఓముల చుట్టుపక్కల ఉంటుంది. సరైన విలువ ఆ కారు మాన్యువల్‌లో దొరుకుతుంది. మూడు చక్రాలు ఒకే రకంగా చెప్పి నాలుగోది మాత్రం అనంతమైన నిరోధం చూపిస్తే? ఎక్కడో తీగ తెగింది. ఎక్కడ? ఇప్పుడు అదే చక్రం దగ్గర, తీగచుట్ట అతుకు విప్పి కొలవాలి. అక్కడ సరిగా వస్తే తీగచుట్ట నిర్దోషి. దోషం మధ్యలో ఉన్న తీగది. రెండు కొలతలతో సగం కారును అనుమానం నుంచి తప్పించామన్నమాట!

నాలుగూ సరిగానే ఉన్నాయనుకోండి. చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పుతూ, తరంగం పుడుతోందో లేదో చూడాలి. పుట్టకపోతే అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుని ఉండవచ్చు, వలయానికి తుప్పు పట్టి ఉండవచ్చు, బేరింగు అరిగి పళ్లకూ అయస్కాంతానికీ మధ్య ఎడం మారి ఉండవచ్చు. వీటిలో కొన్ని శుభ్రం చేస్తే పోయేవే!

కార్వెట్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మామూలు కార్లకు ఇనుప ఒళ్లు. బాటరీ నుంచి వచ్చిన విద్యుత్తు పని ముగించుకుని ఆ ఒంటి గుండానే తిరిగి వెళుతుంది. కార్వెట్ ఒళ్లు మాత్రం 1953లో పుట్టినప్పటినుంచీ గాజునార కలిపిన ప్లాస్టిక్‌తో చేసినదే. ప్లాస్టిక్ విద్యుద్వాహకం కాదు కదా! అందువల్ల విద్యుత్తు తిరిగి వెళ్లే దారిని తీగలు వేసి, కింది ఇనుప చట్రానికి బిగించారు. ఆ బిగింపు తుప్పు పడితే చాలు, దారి ఇరుకై కంప్యూటరుకు అందే వోల్టేజి తగ్గుతుంది. పదార్థాల గురించి మీరు తరగతిలో చదివిన పాఠం ఇక్కడ ఇలా అక్కరకొస్తుంది. అది గుర్తున్నవాడు ఆ మరను విప్పి, గీకి, మళ్లీ బిగిస్తాడు. గుర్తులేనివాడు కొత్త కంప్యూటరు కొంటాడు. కొన్నా దీపం ఆరదు!

"ఎ.బి.ఎస్. లేని రోజుల్లో జనం కార్లు నడపలేదా? నేర్పున్న చోదకుడు కాలితో బ్రేకును తొక్కుతూ వదులుతూ ఆపుకోగలడు" అని కొందరంటారు. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. వదులు కంకర మీద ఎ.బి.ఎస్. ఉన్న కారు కొంచెం ఎక్కువ దూరం వెళ్లి ఆగవచ్చు కూడా. కాని మనిషి పాదం ఒక్కటే, అది నాలుగు చక్రాలనూ ఒకేసారి తొక్కుతుంది. ఒక పక్క చక్రాలు తడిలోనూ మరో పక్కవి పొడి నేలమీదా ఉంటే పాదం ఏం చేయగలదు? ఆ కార్వెట్‌లో ముందు చక్రాలకు విడివిడిగా, వెనక రెండింటికీ కలిపి ఒత్తిడి మారుస్తారు. పైగా భయపడిన మనిషి నేర్పును మరిచిపోతాడు, యంత్రం భయపడదు.

"వెతుకుతూ కూర్చుంటే గంటలు పోతాయి, భాగం మారిస్తే నిమిషాల్లో పని అవుతుంది" అన్నది మరో వాదం. గురి కుదిరితే నిజమే. కుదరకపోతే? రెండో భాగం, మూడో భాగం... అన్నీ మార్చాక దీపం ఆరినా ఏది మార్చినందువల్ల ఆరిందో తెలియదు. అందుకే ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక పరీక్షించాలి. మీ ప్రయోగశాలలో పాటించే నియమమే ఇది.

ఇదంతా ఎక్కడో అమెరికాలోని పాత కార్ల గొడవ అనుకోకండి. మన దేశంలో 125 సి.సి. దాటిన మోటారు సైకిళ్లకు, 2018 ఏప్రిల్‌లో కొత్త నమూనాలతో మొదలుపెట్టి 2019 ఏప్రిల్ నాటికి అన్నింటికీ, ఎ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. మీ ఇంటి ముందున్న బండికీ ఆ పసుపు దీపం ఉండవచ్చు. అది ఆరకుండా వెలుగుతుంటే "ఏం ఫరవాలేదు, బ్రేకు పడుతోందిగా" అని పెద్దవాళ్లు అనవచ్చు. ఆ కాపలా ఎందుకో, అది లేకపోతే తడి రోడ్డు మీద ఏమవుతుందో వారికి మీరు వివరించండి. బ్రేకులను మీరు విప్పవద్దు, అది తెలిసిన మెకానిక్కు పని. కాని ఆయన్ను ఒక ప్రశ్న అడిగే హక్కు మీకుంది: "ఈ భాగమే చెడిందని ఎలా తెలిసింది?"

మంచి మెకానిక్కు ఈ ప్రశ్నకు కోపగించుకోడు. మీటరు తెచ్చి చూపిస్తాడు.