కొత్త బియ్యంతో పచ్చి కందుల బగారన్నం

దీపావళి దాటిందంటే కొడిమ్యాల చుట్టుపక్కల వరికోతలు జోరందుకుంటాయి. కొద్ది రోజులకే ఇళ్లల్లోకి కొత్త బియ్యం వస్తాయి. సరిగ్గా అప్పుడే పెరట్లో చిక్కుడు పాదు విరగకాస్తుంది. చేలల్లో కందికాయ పచ్చిగా చేతికొస్తుంది. ఇవన్నీ కలిపి వండుకోవడానికి బగారన్నం కన్నా మంచి వంటేముంది! పక్కనే కొండగట్టు అంజన్న ఉన్నాడు కాబట్టి మంగళ, శనివారాల్లో నీసు ముట్టని ఇళ్లు ఇక్కడ చాలానే. ఆ రోజు చుట్టాలొస్తే కూరగాయల బగారే విందు.

చిక్కల్లా బియ్యంతోనే. నిల్వ ఉన్నకొద్దీ బియ్యపు గింజ గట్టిపడుతుంది. నీళ్లు ఎక్కువ పీల్చుకున్నా పొడిపొడిగానే ఉంటుంది. కొత్త గింజకు ఆ ఓపిక లేదు. పాత బియ్యానికి పోసినట్లే నీళ్లు పోస్తే, చుట్టాల ముందు బగారన్నం కాస్తా ముద్దన్నం అవుతుంది. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ దుకాణాల్లోనూ సన్న బియ్యమే ఇవ్వడం మొదలైంది. దాంతో బియ్యం కొనకుండానే బగారన్నం వండుకునే వీలు చాలా ఇళ్లకు కలిగింది. అయితే ఆ బియ్యం కొత్తవో పాతవో చూడగానే తెలియదు. ముందురోజు గుప్పెడు బియ్యం విడిగా వండి చూస్తే సరి.

కావలసినవి (నలుగురికి): సన్న బియ్యం - 2 గ్లాసులు, పచ్చి కంది గింజలు - ముప్పావు గ్లాసు, లేత చిక్కుడుకాయలు - 15, ఆలుగడ్డ, క్యారెట్ - ఒక్కొక్కటి, ఉల్లిగడ్డలు - 2, పచ్చిమిర్చి - 5, అల్లంవెల్లుల్లి ముద్ద - 2 చెంచాలు, దాల్చినచెక్క - చిన్న ముక్క, లవంగాలు - 5, యాలకులు - 3, సాజీర - చెంచా, బగార ఆకులు - 2, పుదీనా, కొత్తిమీర - గుప్పెడు చొప్పున, మంచినూనె - 4 చెంచాలు, నెయ్యి - చెంచా, ఉప్పు - తగినంత.

తయారుచేసే విధానం: పచ్చి కందులు బఠానీల్లా తొందరగా ఉడకవు. అందుకే ముందుగా వాటిని విడిగా ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. ఆ నీళ్లు పారబోయకూడదు. బియ్యం కడిగి పది నిమిషాలు మాత్రమే నానబెట్టి, జల్లెడలో వార్చాలి. మందపాటి గిన్నెలో నూనె, నెయ్యి కాగాక సాజీర, మసాలా దినుసులు, ఆకులు వేయాలి. తర్వాత ఉల్లిగడ్డ ముక్కలు, చీల్చిన పచ్చిమిర్చి వేసి ఎర్రగా వేయించాలి. అల్లంవెల్లుల్లి పచ్చివాసన పోయాక పుదీనా, కూరగాయ ముక్కలు, కందులు వేసి అయిదు నిమిషాలు మగ్గనివ్వాలి.

కందులు ఉడికిన నీళ్లతో కలిపి మొత్తం 3 గ్లాసులు పోయాలి. పాత బియ్యమైతే 4 గ్లాసులు పడతాయి. ఉప్పు వేసి, నీళ్లు తెర్లుతున్నప్పుడు బియ్యం వేసి ఒక్కసారే కలపాలి. నీళ్లు బియ్యం మట్టానికి దిగాక మంట బాగా తగ్గించి, మూత పెట్టి, పైన బరువు ఉంచాలి. పది నిమిషాలకు పొయ్యి ఆర్పి, మరో పది నిమిషాలు మూత తీయకూడదు. కొత్త గింజ బిగుసుకునేది ఈ సమయంలోనే. తొందరపడి గరిటె పెడితే అన్నం చిదిమిపోతుంది.

చివర్లో కొత్తిమీర చల్లి, అంచుల నుంచి మెల్లగా తిరగేయాలి. పక్కన వంకాయ కూర, పెరుగు చట్నీ ఉంటే చాలు. మాఘం వచ్చేసరికి కంది ముదిరిపోతుంది కాబట్టి ఈలోపే వండుకోవాలి.