ఆకులయ్యకు ఎండ కావాలి

బల్లి మీద పడితే పంచాంగం తీసి, ఏ భాగాన పడితే ఏ ఫలమో చూసుకునే ఇళ్లు మనవి. అలాంటిది నాలుగడుగుల బల్లిని ఇంట్లో పెట్టుకోవడమేమిటని ముక్కున వేలేసుకుంటారేమో! కానీ ఈ రోజుల్లో పట్నాల్లో కుర్రకారు కుక్కలతో, చేపలతో సరిపెట్టుకోవడం లేదు. ఇగ్వానా అనే పచ్చటి జంతువును కొనుక్కొస్తున్నారు. కొన్నప్పుడు అది జానెడే ఉంటుంది, ముద్దుగానే ఉంటుంది. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి తోకతో కలిపి 4 నుంచి 6 అడుగులవుతుంది. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతుకుతుంది. ఈలోగా అబ్బాయి చదువు పూర్తిచేసుకుని అమెరికా విమానం ఎక్కేస్తాడు. మిగిలేది తల్లి, బాల్కనీలో గాజుపెట్టె, అందులో ఈ మూగజీవి.

అలా దిక్కులేక మిగిలినదాన్ని మనం తీసుకోవచ్చా? తీసుకుంటే ఎలా సాకాలి? మా పై అంతస్తు వాళ్ల ఇగ్వానా 2024 డిసెంబరులో మా ఇంటికి వచ్చినప్పటినుంచీ నేను నేర్చుకున్నదీ, డాక్టరుగారు చెప్పిందీ ఈ వారం మీతో చెబుతాను.

ఉడుము కాదు సుమా!

చూసినవాళ్లంతా మొదట అనేమాట "ఉడుమా?" అని. కాదండీ. ఉడుము మన అడవి జంతువు, పురుగుల్నీ గుడ్లనూ తింటుంది. దాన్ని పట్టడం, ఇంట్లో ఉంచడం నేరం. రామచిలుకను పంజరంలో పెట్టినా అంతే. ఇగ్వానా మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దేశాలది. చెట్లమీద ఉంటుంది, ఆకులూ పూలూ తింటుంది. వీపు మీద రంపపు పళ్లలాంటి వరుస, గొంతు కింద వేలాడే తోలు దాని గుర్తులు. మా అత్తగారు మొదటివారం "ఉడుమయ్య" అన్నారు. అది మునగాకు తప్ప మరోవైపు చూడకపోవడం గమనించి "ఆకులయ్య" అని పేరు మార్చారు.

ముందు కాగితాలు

పైవాళ్లు ఇస్తామన్నారు కదా అని తెచ్చేసుకోకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. దాని ప్రకారం ఇగ్వానాలాంటి విదేశీ జంతువులు ఉన్నవాళ్లు నమోదు చేయించుకోవాలి. ఆ నియమాలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. పరివేష్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా అటవీశాఖకు దరఖాస్తు చేయాలి. చేతులు మారినప్పుడు ఆ సంగతీ తెలియజేయాలి. పైవాళ్ల అబ్బాయి వెళ్లేముందే నమోదు చేయించి ఉన్నాడు కాబట్టి మా పేరుకు మార్పించుకోగలిగాం. ఆ ఫారాలన్నీ మా అమ్మాయి నింపింది. కాగితాలు లేని జంతువైతే ముందు అటవీశాఖవారిని అడగండి. మొహమాటానికి పోయి ఒడిలో వేసుకోకండి.

దవడ మెత్తబడితే...

మా ఇంటికి వచ్చేనాటికి ఆకులయ్య రంగు మసిగుడ్డలా ఉంది. వెనకకాలు ఒకటి వంకరపోయింది. కాలివేళ్లు వణికేవి. తొడలు మాత్రం లావుగా ఉన్నాయి. బాగా తిన్న ఒళ్లేమో అనుకుంటాం. అది కండ కాదు, జబ్బు. డాక్టరుగారు కింది దవడను వేలితో మెల్లగా నొక్కి చూపించారు. రబ్బరులా వంగింది!

ఎందుకిలా అవుతుందో చెబుతాను. ఎండలో అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి చర్మానికి తగిలితేనే దాని ఒంట్లో విటమిన్ డి తయారవుతుంది. ఆ విటమిన్ ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే రక్తానికి కావలసిన కాల్షియాన్ని ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎముక గుల్లయి, వంగి, చివరికి విరుగుతుంది. "బాల్కనీలోనే ఉండేది కదండీ, ఎండ తగిలేది కదా" అన్నారు పైవాళ్లు. అక్కడే ఉంది కిటుకు. మామూలు గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది. గాజుపెట్టెలోంచి వెలుగు వస్తుంది, వేడి వస్తుంది, కావలసిన కిరణం మాత్రం రాదు.

డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, కాల్షియం మందు రాసి, ఉన్నమాట చెప్పారు. "జబ్బును ఆపగలం. వంగిన కాలు మాత్రం తిన్నగా అవ్వదమ్మా." ఇప్పుడు దవడ గట్టిపడింది, వణుకు పోయింది. కాలు వంకర అలాగే ఉంది. మనం వేసుకునే కాల్షియం, విటమిన్ డి మాత్రలు పొడిచేసి పెట్టేద్దామనుకోకండి. విటమిన్ డి మోతాదు మించితే మూత్రపిండాలు పాడవుతాయి.

మరోమాట. పశువైద్యులందరూ ఇలాంటి జంతువులను చూడరు. ముందే ఫోన్ చేసి అడిగి వెళ్లండి.

ఏం పెట్టాలి?

ఇక్కడ మన వంటింటి జ్ఞానం బాగా పనికొస్తుంది. రోజూ పెట్టదగినవి: మునగాకు, మెంతికూర, మల్బరీ ఆకు, మందార ఆకులూ పూలూ. వీటితోపాటు తురిమిన గుమ్మడికాయ, సన్నగా తరిగిన సొరకాయ, బీన్స్. ఎప్పుడైనా రెండు బొప్పాయి ముక్కలు. మందు కొట్టని ఆకు తేవాలి, శుభ్రంగా కడగాలి.

పాలకూర, తోటకూర, బచ్చలి, గోంగూర మనకు మంచివే. కానీ వీటిలోని ఆగ్జాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. అందుకని ఎప్పుడో తప్ప వద్దు. క్యాబేజీ కూడా అరుదుగానే. నీళ్ల బరువే ఉండే లెట్యూస్ ఒక్కటే పెడితే కడుపు నిండుతుంది గానీ బలం రాదు.

గుడ్డు, చికెన్, కుక్కల బిస్కెట్లు అసలు పెట్టకూడదు. పైవాళ్లు నీరసంగా ఉందని రోజూ ఉడికించిన గుడ్డు పెట్టేవారట. ప్రేమతోనే పెట్టారు. కానీ ఆకు తినే ప్రాణికి మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ముక్కు దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే మాత్రం కంగారుపడకండి. ఒంట్లో మిగిలిన ఉప్పును అది తుమ్మి బయటికి పంపుతుంది.

వెచ్చదనం

ఇగ్వానాకు మనలాగా ఒంట్లోంచి వేడి పుట్టదు. బయటి వేడి లేనిదే తిన్నది కూడా అరగదు. 2020 జనవరిలో ఫ్లోరిడాలో చలికి ఇగ్వానాలు బిగుసుకుపోయి చెట్లమీదినుంచి పడతాయి, జాగ్రత్త అని అక్కడి వాతావరణశాఖ వాళ్లే హెచ్చరించారు. మన హైదరాబాదులో డిసెంబరు రాత్రులు దానికి చలికిందే లెక్క.

పగలు గది 26 నుంచి 32 డిగ్రీలు, అది పడుకుని కాచుకునే కొమ్మ దగ్గర 35 నుంచి 38 డిగ్రీలు ఉండాలి. పైన వేడి బల్బు పెట్టి, దానికి తగలకుండా జాలీ కట్టాలి. పక్కనే అతినీలలోహిత కిరణాలిచ్చే ట్యూబు పెట్టి, రోజుకు 10, 12 గంటలు వెలిగించాలి. ఆ ట్యూబు వెలుగుతూనే ఉన్నా కిరణాలు తగ్గిపోతాయి. అందుకని 6 నుంచి 12 నెలల లోపు మార్చేయాలి. అన్నిటికన్నా మంచిది అసలు ఎండ. ఉదయం పూట జాలీ పెట్టెలో, ఒక పక్క నీడ ఉండేలా పెట్టండి. గాజుపెట్టెను మాత్రం ఎండలో పెట్టకండి, నిమిషాల్లో ప్రాణం పోతుంది.

చోటు సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఎక్కడానికి ఎత్తు కావాలి, ఆరడుగులన్నా ఉండాలి. మేము సామాన్ల గదిలో సగం ఖాళీచేసి, మావారి చేత జామకొమ్మలు బిగించాం. రోజూ నీళ్లు చిలకరించాలి, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కాసేపు వదలాలి.

పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే?

నాకు నిద్రపట్టనివ్వనిది ఈ విషయమే. సరీసృపాలు ఆరోగ్యంగా కనిపించినా వాటి మలంలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. అది అయిదేళ్లలోపు పిల్లలకు, 65 దాటినవాళ్లకు ప్రమాదం. మా అత్తగారికి 70 దాటాయి. మా ఆడపడుచు మనవడు పాకే వయసువాడు. అందుకని తీసుకునేముందే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఆ గది తలుపు ఎప్పుడూ మూసి ఉండాలి. దాని గిన్నెలు, టబ్బు వంటింటి సింకులోకి రాకూడదు. ముట్టుకున్న చేతిని సబ్బుతో కడగనిదే మరో పని లేదు. అత్తగారు గడప దాటరు. "మడి నాకు కొత్తా ఏమిటే!" అని నవ్వుతారు. గడప అవతల కుర్చీ వేసుకుని, అది మందారపువ్వు తింటుంటే చూస్తూ కూర్చుంటారు.

మచ్చిక

పెద్దదయ్యాక వచ్చిన జంతువు మనల్ని నమ్మడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. భయపడితే తోకతో కొరడాలా కొడుతుంది. తోక పట్టుకుని లాగితే ఊడివచ్చేస్తుంది. నడినెత్తిన చిన్న చుక్కలా దానికి మూడోకన్ను ఉంటుంది. దానితో బొమ్మ కనబడదు గానీ పైనుంచి పడే నీడ తెలుస్తుంది, గద్ద అనుకుని బెదురుతుంది. అందుకని చెయ్యి పైనుంచి కాదు, పక్కనుంచి, కిందుగా, నెమ్మదిగా చాచాలి. నేను రోజూ పావుగంట గదిలో ఊరికే కూర్చుని ఆకుకూర వలుచుకునేదాన్ని. నాలుగోనెలలో నా చేతిలోంచి ఆకు అందుకుంది. ఇప్పటికీ ఎత్తుకోనివ్వదు. ఎత్తుకోకపోతే ఏం, తిని తిరుగుతోంది కదా!

తీసుకునేముందు

ముచ్చటపడి కొత్తగా కొనమని నేను ఎవరికీ చెప్పను. మీ పిల్లలు అడిగితే 20 ఏళ్ల లెక్క చెప్పండి. కొన్నవాళ్లు సాకలేక పార్కులో వదిలేద్దామంటే ఆపండి. కాకులో కుక్కలో, కాకపోతే చలో దాన్ని చంపుతాయి.

సాకలేక వదిలేసినది మీ కంటపడితే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. కాగితాలున్నాయా? చూసే డాక్టరు ఊళ్లో ఉన్నారా? తలుపు వేయగల గది ఉందా? మీరు ఊరెళితే బల్బు వేసి ఆకు పెట్టే మనిషి ఉన్నారా? నాలుగింటికీ "ఉంది" అంటేనే తీసుకోండి. ఒక్కటి తక్కువైనా ఆ ఇంటివాళ్లకు గాజు సంగతి, గుడ్డు సంగతి చెప్పి రండి. ఉన్నచోటనే దానికి రోజూ కాస్త ఎండ, గుప్పెడు మునగాకు అందినా ఎముకకు మేలే.