మా ఆధార్లు మీ డెస్క్‌టాప్ మీద ఎందుకున్నాయి?

ఆన్‌లైన్ సెంటర్ నడిపే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. రైస్ కార్డులో మనవడి పేరు ఎక్కించుకోడానికి పోయినేడు వచ్చిన ముసలమ్మ ఆధార్, ఆమె కొడుకు పాన్ కార్డు, కోడలి బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ ఇంకా మీ కంప్యూటర్లో ఎందుకున్నాయి? పని ఆ రోజే అయిపోయింది. మీకు రావలసిన డబ్బులు వచ్చాయి. ఆమె తన కాగితాలు సంచీలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. వాటి నకళ్లు మాత్రం మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో అలాగే పడి ఉన్నాయి. కౌంటర్ మీదకి వంగిన ప్రతివాడికీ కనిపిస్తున్నాయి, పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతివాడికీ అందుబాటులో ఉన్నాయి.

విశాఖ జిల్లా పద్మనాభంలో నేను నిలబడిన కౌంటర్లన్నిటి దగ్గరా ఇదే దృశ్యం. డెస్క్‌టాప్ మీద ఖాళీ జాగా ఉండదు. స్కాన్ వన్, స్కాన్ టూ, న్యూ డాక్యుమెంట్, ఇంటిపేర్లతో ఫోల్డర్లు. అడిగితే ఒకే జవాబు: "ఏటవుతాదండీ? మళ్లీ వస్తే మళ్లీ స్కాన్ చెయ్యక్కర్లేదు కదా!"

ఏమవుతుందో చెబుతాను. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల డీలరు భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వాటికి అచ్చులు పోసి, ఆ అచ్చులతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పోలీసులకు దొరికాడు. అతనికి కావలసిందల్లా దస్తావేజు నకలు, అందులోని ఆధార్ నంబరు. అదే ఏడాది ఏప్రిల్‌లో మన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం వివరాలతో సహా బహిరంగంగా పడి ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. అంతకు ముందు ఏడాదే, 2017లో, విశాఖ జిల్లా భూరికార్డుల తారుమారు మీద ప్రభుత్వం సిట్ వెయ్యాల్సి వచ్చింది. ఈ మూడూ తెలిసి కూడా "ఏటవుతాది" అనేవాళ్లని నేను క్షమించలేను.

మా మండలానికి ప్రమాదం ఇంకాస్త దగ్గరగా ఉంది. పక్కనే భోగాపురం విమానాశ్రయం. ఆ పేరు వినిపించిన దగ్గర్నుంచీ ఇక్కడ సెంటు భూమి గురించి కూడా వాకబులే. వాకబులున్నచోట కాగితాలు తిరుగుతాయి. వన్-బీ, అడంగల్, పట్టాదారు పాసు పుస్తకం, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, వాటి వెంట ఆధార్, పాన్, పాస్‌పోర్టు సైజు ఫొటో. ఒక రైతు కుటుంబం చరిత్ర మొత్తం ఒకే ఫోల్డర్లో, ఒకే ఇంటిపేరు కింద, ఎవడో వెతుక్కునే శ్రమ కూడా లేకుండా. ఈ నేల మీద 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో చనిపోయింది పేష్కష్ (కప్పం) బకాయిల తగాదాలోనే. భూమి లెక్కలకి ఇక్కడ ఎంత బరువుందో ఈ ఊరికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

నకలు ఒకటే ఉంటుందనుకుంటే పొరపాటు. బ్రౌజరు దించినది డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది. స్కానర్ తీసినది పిక్చర్స్‌లోనో డాక్యుమెంట్స్‌లోనో ఉంటుంది. కస్టమరు వాట్సాప్‌లో పంపిన ఫొటో వేరేచోట చేరుతుంది. తెరిచిన అప్లికేషన్లలో చాలా తమ పని కోసం టెంప్ ఫోల్డర్లో ఒక తునక వదులుతాయి. ప్రింటరు క్యూలో ఇరుక్కుపోయిన కాగితం ఇంకోచోట. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు. ఆ పాస్‌వర్డ్ పేరులోని మొదటి 4 అక్షరాలు, పుట్టిన సంవత్సరం. రెండూ పక్కనే ఉన్న పాన్ కార్డు స్కాన్‌లో చదువుకోవచ్చు. పైగా ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టడం విసుగని తాళం తీసిన పీడీఎఫ్‌ని విడిగా సేవ్ చేసి పెట్టుకునేవాళ్లున్నారు. ఇంటర్నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దనీ, దించుకుంటే నకళ్లన్నీ శాశ్వతంగా తుడిచెయ్యమనీ ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ జనానికి చెబుతూ వచ్చింది. మౌస్ పట్టుకోవడం రాని మనిషి కౌంటర్ ఇవతల నిలబడి అవతలి కంప్యూటర్లో ఫైలు తుడవాలట! ఆ భారం ఆమె నెత్తిన పెట్టడమే అన్యాయం. తుడవాల్సింది కంప్యూటర్ సొంతదారు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ కంప్యూటరే.

కంప్యూటరుకి అది చేతనవును. ఎప్పట్నుంచో చేతనవును. విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ అనే సదుపాయం 2017 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్. అక్కడ దాన్ని ఆన్ చేసి, ప్రతిరోజూ నడవమని చెప్పి, టెంపరరీ ఫైళ్లు తుడవమని టిక్కు పెట్టి, రీసైకిల్ బిన్‌కి ఒక రోజు, డౌన్‌లోడ్స్‌కి ఒక రోజు గడువు పెడితే ఆ మూడింటి మేరకు పని అయిపోయింది. డబ్బు ఖర్చు లేదు, ఇంజనీరు అక్కర్లేదు. మరి ఎందుకు జరగడం లేదు? తయారుచేసినవాళ్లు దాన్ని మొదట్లో ఎలా వదిలారో చూడండి. డిస్కులో ఖాళీ తగ్గినప్పుడే నడవాలని. డౌన్‌లోడ్స్‌ని ఎప్పటికీ ముట్టుకోకూడదని.

నా కోపమంతా ఈ ఆలోచన మీదే. ఫైళ్లు తుడవడమంటే డిస్కులో జాగా మిగుల్చుకోవడమని అందరికీ నూరిపోశారు. ఒకప్పుడు 40 జీబీ డిస్కు నెలకోసారి నిండిపోయేది, ఇష్టం లేకపోయినా తుడిచేవాళ్లు. ఇప్పుడు షాపులో డిస్కు ఒక టీబీ. ఆధార్ పీడీఎఫ్‌లతో అది నిండేసరికి షాపువాడి మనవడికి పెళ్లీడొస్తుంది. నిండదు కాబట్టి తుడవరు. ఫైలు ఎవరిది, ఆమె పని ఎప్పుడు ముగిసింది అన్నది లెక్కలోకే రాదు. నేననేది ఒక్కటే: పని ముగిసిన క్షణం నుంచి ఆ ఫైలు పెట్టుకునే హక్కు మీకు లేదు. మీ డిస్కు నిండినా సరే, బోసిపోయినా సరే.

లినక్స్ ప్రపంచం ఈ విషయంలో కొంత మేలు. అక్కడ సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాం కింద టెంప్‌ఫైల్స్ అనే పనివాడున్నాడు. ఏ ఫోల్డరు, ఎవరి అనుమతి, ఎన్నాళ్ల వయసు అని ఒక్క వరస రాస్తే చాలు, గడువు దాటినవి తానే తీసేస్తాడు. దాంతోపాటు వచ్చే నిబంధన ప్రకారం టీఎంపీ ఫోల్డర్లో ఫైలుకి 10 రోజులు, వీఏఆర్ కింద ఉన్న టీఎంపీకి 30 రోజులు. మెషీన్ ఆన్ చేశాక 15 నిమిషాలకి మొదటి ఊడుపు, ఆ తర్వాత రోజుకోసారి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఇంకో అడుగు వేసి టీఎంపీని మెమరీలోకే మార్చేసింది. మెషీన్ ఆపితే అందులో ఉన్నదంతా పోతుంది. నలుగురూ వాడే కంప్యూటరుకి కావలసింది సరిగ్గా ఇదే.

అయితే వరస రాసేసి చేతులు దులుపుకుంటే కుదరదు. గడువు 6 గంటలని రాసి, ఊడ్చే టైమరుని రోజుకోసారికే వదిలేస్తే మీ 6 గంటలు 30 గంటల దాకా సాగొచ్చు. టైమరుని కూడా మార్చాలి. ఫైలు వయసు లెక్క రాసిన తేదీ నుంచే కాదు, చివరిసారి చదివిన తేదీ నుంచి కూడా. గడువు కొన్ని రోజులని రాసినచోట బ్యాకప్ ప్రోగ్రాం రోజూ వాటిని చదువుతుంటే ఆ ఫైళ్లు ముసలివి కావు, ఎన్నటికీ తుడిచిపెట్టుకుపోవు.

ఆటోమేటిక్‌గా తుడిస్తే కావలసినవి కూడా పోతాయని భయపెట్టేవాళ్లకి 2024 జూన్ ఉదంతం బాగా పనికొచ్చింది. సిస్టమ్‌డీ 256లో కొత్తగా వచ్చిన పర్జ్ ఆదేశాన్ని నడిపితే హోమ్ డైరెక్టరీకే ఎసరొచ్చింది. ఎందుకంటే తాత్కాలిక ఫైళ్లతోపాటు హోమ్‌ని సృష్టించే వరస కూడా అదే జాబితాలో ఉంది. వెంటనే 256.1లో సర్దుబాటు చేశారు. జరిగింది తప్పే. కానీ ఆ తప్పు యంత్రం వేళకి తుడవడంలో లేదు. తుడవాల్సినవీ దాచాల్సినవీ ఒకే జాబితాలో కలిపెయ్యడంలో ఉంది. మీ షాపులో కూడా ఆ కలగాపులగమే జబ్బు. మీ జీఎస్టీ లెక్కలు, మీ పిల్లల ఫొటోలు, కస్టమరు ఆధార్ అన్నీ డెస్క్‌టాప్ మీదే. కస్టమరు పనికి విడిగా ఒక ఫోల్డరు పెట్టండి; విండోస్‌లో అయితే అది డౌన్‌లోడ్సే కావాలి, స్టోరేజ్ సెన్స్ గడువు దానికే వర్తిస్తుంది. స్కానరు, బ్రౌజరు రెండూ అందులోకే దించేలా మార్చండి, వాట్సాప్ ఫొటోలనీ అందులోకే సేవ్ చెయ్యండి. లినక్స్‌లో అయితే మొదట ఉత్తుత్తిగా నడిపి ఏమేం పోతాయో జాబితా చూసుకోండి. ఆ తర్వాత నిజంగా తుడవనివ్వండి.

కస్టమరు మళ్లీ వస్తే అన్న సాకుకి కూడా కాలం చెల్లింది. కాగితాల్ని ఆన్‌లైన్లో దాచుకునే డిజీలాకర్ 2015 నుంచి ఉంది. రాష్ట్ర ప్రభుత్వపు మన మిత్ర వాట్సాప్ సేవ 2025 జనవరిలో మొదలైంది. ఆమెకి ఫోను లేకపోతే కాగితం ఉంది. మళ్లీ స్కాన్ చెయ్యండి. రెండు నిమిషాల పని మిగుల్చుకోడానికి ఒకరి జీవితాన్ని ఏడాదిపాటు బజార్లో ఆరబెడతారా?

పాత డిస్కుల సంగతి కూడా తేలాలి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా తిరిగే రకం హార్డ్‌డిస్కులోంచి ఫైళ్లు వెనక్కి లాగే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అలాంటి డిస్కుని పూర్తిగా చెరిపెయ్యకుండా పాత సామానువాడికి అమ్మడం ఊరి దస్తావేజులన్నీ అమ్మడమే.

చట్టం లేదని ఎవరూ అనడానికి లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తులతో చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సేకరించిన పని ముగిశాక ఆ డేటాని చెరిపెయ్యాలని రాసింది. భద్రతా చర్యలు తీసుకోనివాళ్లకి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల వ్యవధి ఇచ్చారు. పద్మనాభం కౌంటర్ మీద రోజూ కాగితం పెట్టే మనిషికి ఆ వ్యవధి దేనికి?

ప్రభుత్వాన్ని కోరేది చిన్నది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. మీసేవ కేంద్రాలకి అనుమతులిచ్చేదీ ప్రభుత్వమే. స్టోరేజ్ సెన్స్ గడువుల్ని ఒక్కో మెషీన్ దగ్గర కూర్చుని మార్చనక్కర్లేదు, పాలసీగా ఒకేచోట రాసి అన్నిటికీ పంపొచ్చు. సచివాలయం కంప్యూటర్లకి ముందు అది చెయ్యండి. ప్రైవేటు సెంటర్లలో మీసేవ అనుమతి రెన్యువల్‌కి వచ్చిన రోజున తనిఖీకి వెళ్లిన మనిషి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి తేదీల వరసలో పెట్టి చూడాలి. గడువు దాటిన ఆధార్ ఒక్కటి కనిపించినా రెన్యువల్ ఆపాలి.