పలకను గీయని పిల్లలం

తర్లుపాడు బడిలో బొమ్మ గీయమంటే అందరం ఒకటే గీసేవాళ్ళం. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి పారే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. మా కళ్ళెదుట ఆ ఏరూ లేదు, ఆ కొబ్బరిచెట్టూ లేదు. బొమ్మ గీస్తున్న పలక ఒక్కటే మా నేలలో పుట్టింది. దాన్ని ఎవరమూ గీయలేదు.

ప్రకృతి దృశ్యమంటే మనకింకా గోడ క్యాలెండరే. చిత్రకారులు దాన్ని దాటి చాలాకాలమైంది. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ (1940-2019) తామర కొలనుల బొమ్మలతో పేరుపడ్డాడు గానీ, అంతకుముందు తుక్కు కార్లను గీశాడు. మహారాష్ట్రలోని చంద్రపూర్ బొగ్గు గనుల ఊళ్ళో 1986లో పుట్టిన ప్రభాకర్ పచ్‌పుతే ఇంకా ముందుకెళ్ళాడు. గని బతుకును కర్రబొగ్గుతో గ్యాలరీ గోడల మీద గీస్తాడు. సగం మనిషి, సగం యంత్రంగా ఉండే ఆకారాలు తవ్వేసిన నేల మీద నిలబడి ఉంటాయి. బొగ్గు గురించి బొగ్గుతోనే చెప్పించడమంటే అదీ.

మనకు మాత్రం ఏం తక్కువ? చిన్నప్పటి బొమ్మనే మళ్ళీ గీద్దాం. కొండలంటారా, పలకల క్వారీల పక్కన పోసిన ముక్కరాళ్ళ గుట్టలున్నాయి. నీళ్ళంటారా, తవ్విన గుంతల్లో వానలకు నిలుస్తాయి. గుడిసె బదులు రేకుల షెడ్డు. పిల్లల చేతుల్లోంచి పలక జారిపోయాక ఆ రాయి నేలపరుపుగా, గోడల అలంకారంగా దేశాలు దాటుతోంది. గుంత మాత్రం ఇక్కడే మిగిలింది.

కూలీల చెమటను ఏసీ హాల్లో వేలాడదీసి అమ్ముకోవడమే కదా ఇదంతా అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన మాటే. అందుకే ఇలాంటి క్వారీ బొమ్మల ప్రదర్శన మొదట హైదరాబాద్‌లో కాదు, మన పలకల మార్కాపురంలో పెట్టాలి. ఏ పాత పలకల షెడ్డయినా చాలు. టికెట్టు వద్దు, రిబ్బను కత్తిరింపులూ వద్దు.

ఉలి దెబ్బకు రాయిని పొరలు పొరలుగా లేపిన మనిషి పనిలోంచి నేరుగా వచ్చి, బొమ్మ ముందు కాసేపు నిలబడి, "పొర ఇట్టా లేవదు సార్" అని తప్పు పట్టాలి. ఆ చిత్రకారుడికి అంతకన్నా మంచి సమీక్ష ఏ పత్రికలోనూ రాదు, ఈ శీర్షికతో సహా.